రీకాల్ ఉత్తరం పాత ఓనర్ ఇంట్లోనే ఉండిపోయింది

కొర్లపహాడ్ టోల్ దాటాం, సూర్యాపేట ఇంకా రాలేదు. కారు నేనే నడుపుతున్నాను. పక్కన మా ఆయన, వెనక అత్తయ్య, పాప. కోదాడలో నాన్న దగ్గరికి వెళ్తున్నాం. ఎనభై మీద సాఫీగా పోతున్న బండి ఉన్నట్టుండి ఒక్క కుదుపు కుదిపింది. గుంట ఏమో అనుకున్నాను. రెండో కుదుపుకి యాక్సిలరేటర్ తొక్కుతున్నా బండి ముందుకు లాగడం మానేసింది, డాష్‌బోర్డు మీద ఎర్రవీ పసుపువీ లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, ఇంజిన్ చప్పుడు ఆగిపోయింది. ఇక వినపడేదల్లా టైర్ల చప్పుడు, గాలి చప్పుడు. అద్దంలో చూస్తే వెనకాలే లారీ.

హజార్డ్ లైట్లు వేసి, ఉన్న ఊపుతోనే ఎడమ పక్కకి తెచ్చాను. మొదటిసారి బ్రేక్ మామూలుగానే పడింది. రెండోసారి కొంచెం గట్టిగా ఉంది. మూడోసారికి రాయి మీద కాలు పెట్టినట్టే. తర్వాత తెలుసుకున్నాను, బ్రేక్‌కి బలాన్నిచ్చే వాక్యూమ్ ఇంజిన్ తిరుగుతుంటేనే తయారవుతుంది, ఇంజిన్ ఆగాక ఒకటి రెండు తొక్కుళ్ళకి సరిపడా మాత్రమే మిగులుతుంది. అందుకే ఇంజిన్ ఆగిపోతే బ్రేక్‌ని ఊరికే తొక్కి వదులుతూ ఉండకూడదు, ఒకటే తొక్కు తొక్కి అలాగే పట్టి ఉంచాలి. డ్రైవింగ్ స్కూల్లో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మొదటి విషయాల్లో ఇదొకటని ఇప్పుడు నా అభిప్రాయం.

అందరినీ దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టాం. ఇరవై నిమిషాల తర్వాత తాళం తిప్పితే బండి మామూలుగా స్టార్ట్ అయింది, ఏమీ జరగనట్టే. పోనీలే అనుకుని బయల్దేరాం. మూడు కిలోమీటర్లు కూడా పోలేదు, మళ్ళీ అదే కుదుపు, మళ్ళీ అదే నిశ్శబ్దం. ఈసారి నేను మొండికేయలేదు. 1033కి ఫోన్ చేశాం. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది వచ్చినా చేయాల్సిన నంబర్ అది, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బండిని సూర్యాపేట దాకా లాగించాం.

మెకానిక్ కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. బానెట్ ఎత్తలేదు. వెనక డోర్ తీసి, సీటు మీదకి వంగి, చెవి ఆనించి, "అక్కా, తాళం ఒక్కసారి ఆన్ చెయ్, స్టార్ట్ చెయ్యకు" అన్నాడు. చేశాను. "ఇంకోసారి." మళ్ళీ చేశాను. లేచి నిలబడి, "పంపు తిరుగుతలేదక్కా" అన్నాడు. పక్కనే రిపేరుకి వచ్చిన ఇంకో కారులో తాళం తిప్పి నన్ను వినమన్నాడు. వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నగా "జుయ్" మని ఒక శబ్దం. అది పెట్రోల్ పంప్ లైన్‌లో ప్రెషర్ నింపుకునే చప్పుడట. మా బండిలో ఆ చప్పుడు లేదు. ఇన్నేళ్ళుగా కారు నడుపుతూ ఆ శబ్దం ఒకటుంటుందని నేను గమనించనే లేదు. ఇప్పుడు ప్రతి ఉదయం తాళం తిప్పాక రెండు సెకన్లు ఆగి దాన్ని విని ఆ తర్వాతే స్టార్ట్ చేస్తున్నాను.

ఆ తర్వాత ఆ అబ్బాయి అన్న మాట వల్లే ఈ పోస్ట్ రాస్తున్నాను. "ఈ మోడల్‌కి పంపు కంపెనోళ్ళే ఫ్రీగా మారుస్తున్నరు కదక్కా, మీకు ఫోన్ రాలే?"

రాలేదు. మాది సెకండ్ హ్యాండ్ కారు. ఆర్సీ మీదున్న ఛాసిస్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే, మీ వాహనం ఫ్యూయెల్ పంప్ రీకాల్ పరిధిలో ఉంది, దగ్గర్లోని డీలర్‌ని సంప్రదించండి అని వచ్చింది. రీకాల్ అంటే, లోపమున్న బళ్ళని కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసి ఇవ్వడం. ఆ రాత్రే మాకు కారు అమ్మినాయనకి ఫోన్ చేశాం. ఆయన మంచి మనిషి, పాపం చాలా కంగారుపడ్డారు. ఇల్లంతా వెతికి, పాత ఇన్సూరెన్స్ కాగితాల మధ్య నుంచి ఉత్తరం తీసి వాట్సాప్‌లో ఫోటో పెట్టారు. దాని మీద తేదీ మా బండి ఆగిపోవడానికి పద్నాలుగు నెలల ముందుది. కారు అప్పటికే అమ్మేశాం కదా, ఇక మనకెందుకు అని పక్కన పెట్టారట. ఆయన్ని తప్పుపట్టలేను. రీకాల్ అనే మాట విన్నా, అది కారుతో పాటు చేతులు మారాల్సిన విషయమని మనలో ఎంతమందికి తట్టుద్ది?

మా కారు ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. ఆ వారం రోజులూ రాత్రిళ్ళు కూర్చుని చదివితే ఎంత పెద్ద విషయమో తెలిసింది.

పెట్రోల్ కార్లలో ఈ పంప్ ట్యాంక్ లోపలే, పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. చిన్న ఎలక్ట్రిక్ మోటారు, దాని కొసన అంచు చుట్టూ సన్నటి పళ్ళున్న ప్లాస్టిక్ చక్రం. దాన్ని ఇంపెల్లర్ అంటారు. అది తిరిగితే పెట్రోల్ ఇంజిన్ దాకా వెళ్తుంది. ఆ చక్రానికీ చుట్టూ ఉన్న పెట్టెకీ మధ్య సందు చాలా తక్కువ. ప్లాస్టిక్ సరైన సాంద్రతతో పోత పడకపోతే, అది కొద్దికొద్దిగా పెట్రోల్ పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన చక్రం పెట్టెకి రాసుకుంటుంది, మొదట బిగుసుకుంటూ తిరుగుతుంది, చివరికి ఆగిపోతుంది. నీళ్ళలో నానిన చెక్క తలుపు దర్వాజాకి పట్టేసినట్టు అన్నమాట. జపాన్‌లో డెన్సో అనే కంపెనీ చేసిన పంపుల్లో సరిగ్గా ఇదే జరిగింది. టొయోటా 2020 జనవరిలో అమెరికాలో దాదాపు 7 లక్షల బళ్ళతో రీకాల్ మొదలుపెడితే, అదే ఏడాది చివరికి లెక్క ప్రపంచమంతటా కలిపి 58 లక్షలకు చేరింది. ఇంపెల్లర్‌కి వాడిన పదార్థం సాంద్రత తక్కువగా ఉండటం, తయారీలో ద్రావకం ఆరేటప్పుడు ఎక్కువసేపు దానికి తగిలి ఉండటం వల్ల పైన సన్నటి పగుళ్ళు రావడం, ఆ పగుళ్ళలోంచి పెట్రోల్ లోపలికి ఇంకడం, ఇదీ వాళ్ళు చెప్పిన కారణం. హోండా కూడా 2023 డిసెంబర్‌లో ఇలాంటి లోపానికే అమెరికాలో 25 లక్షలకు పైగా బళ్ళని వెనక్కి పిలిచింది.

మన దేశంలో? హోండా 2020 జూన్‌లో, 2018లో తయారైన 65,651 కార్లకి ఫ్యూయెల్ పంపు మారుస్తామంది. 2021 ఏప్రిల్‌లో ఇంకో 77,954. మళ్ళీ 2024 అక్టోబర్‌లో 90,468. ఈ చివరి దాంట్లో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. రిపేరులో భాగంగా ఈ లోపమున్న పంపునే స్పేర్ పార్ట్‌గా వేయించుకున్న పాత బళ్ళు కూడా 2,204 ఉన్నాయి. అంటే కారు తయారైన సంవత్సరం చూసి మనది కాదులే అనుకోవడానికి కూడా లేదు. మారుతి 2020 జూలైలో వ్యాగన్‌ఆర్, బాలెనో కలిపి 1,34,885 కార్లని పంపు తనిఖీకి పిలిచింది. 2024 మార్చిలో, 2019 జూలై చివరి నుంచి నవంబర్ మొదటి దాకా తయారైన ఇంకో 16,041 బళ్ళని, అవీ బాలెనో, వ్యాగన్‌ఆర్‌లే, పంపు మోటారులో లోపం ఉండొచ్చని పిలిచారు. తయారీకీ పిలుపుకీ మధ్య నాలుగేళ్ళకు పైనే. ఆ నాలుగేళ్ళలో ఎన్ని బళ్ళు చేతులు మారి ఉంటాయో మీరే ఊహించండి. హైదరాబాద్‌లో అమ్మిన కారు ఖమ్మం వెళ్తుంది, అక్కడి నుంచి ఏలూరు వెళ్తుంది, ఉత్తరం మాత్రం కూకట్‌పల్లిలో ఖాళీ చేసిన ఫ్లాట్ తలుపు కిందకి పోతుంది.

బండి ఆగిపోవడం ఒక రకం ప్రమాదం. పెట్రోల్ కారడం ఇంకో రకం, నిప్పుతో ముడిపడింది. 2010లో మారుతి ఎ-స్టార్ కార్లు లక్ష వెనక్కి పిలిపించింది పెట్రోల్ లీకేజీకే. 2014 ఏప్రిల్‌లో స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కలిపి 1,03,311 కార్లకి ఫిల్లర్ నెక్ మార్చారు. మూత దగ్గర నుంచి ట్యాంక్‌లోకి వెళ్ళే గొట్టం అది. నాజిల్ దానంతటదే ఆగిపోయాక కూడా ఇంకా పోయిస్తే పెట్రోల్ వాసన రావచ్చు, అరుదుగా కారనూ వచ్చు అన్నారు.

ఇది చదివాక బంకు గుర్తొచ్చింది. నాజిల్ టక్కుమని ఆగుతుంది, మీటర్ మీద 2,463 అని ఉంటుంది, కుర్రాడు మన వైపు చూసి "రౌండ్ ఫిగర్ చెయ్యనా?" అంటాడు, మనం తలూపుతాం. వాడు కారుని కొంచెం ఊపి, నాజిల్ సగం పైకి లాగి, బొట్టు బొట్టుగా 2,500 చేస్తాడు. ట్యాంక్‌లో పైన కొంత ఖాళీ ఉంచడానికే ఆ ఆటో కట్ పెట్టారు, ఎండకి పెట్రోల్ వ్యాకోచిస్తే దానికి చోటు కావాలి, ఆవిరి పోవడానికి దారి కావాలి. మే నెలలో నల్గొండ ఎండలో అంచుదాకా నింపిన కారుని గంటసేపు నిలబెట్టడం ఎందుకు? ఫోన్‌లో డబ్బులు కొట్టే కాలంలో చిల్లర సమస్య కూడా లేదు. నేను ఇప్పుడు టక్కుమనగానే చాలంటున్నాను, 2,463 అయితే 2,463 కొడుతున్నాను.

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పాలి. మన దగ్గర చాలాకాలం రీకాల్ అన్నది కంపెనీల ఇష్టమే. 2012 జూలైలో తయారీదారుల సంఘం సియామ్ వాళ్ళకి వాళ్ళే ఒక స్వచ్ఛంద నియమావళి పెట్టుకున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఏ అనే సెక్షన్ వచ్చింది, పర్యావరణానికో, కారులో ఉన్నవాళ్ళకో, రోడ్డు మీద పోయే వేరేవాళ్ళకో ప్రమాదం చేసే లోపం ఉంటే రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. దానికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, 7 ఏళ్ళ లోపు బళ్ళకి. కంపెనీ తనంతట తాను పిలిస్తే జరిమానా లేదు, ప్రభుత్వం చెప్పి పిలిపించాల్సి వస్తే బళ్ళ రకాన్ని, సంఖ్యని బట్టి 10 లక్షల నుంచి కోటి దాకా. లక్షల కార్లు అమ్మే కంపెనీకి కోటి ఏపాటిది అని నాకనిపిస్తుంది. కానీ యజమానుల ఫిర్యాదుల సంఖ్యని బట్టి ప్రభుత్వం కదిలే పద్ధతి ఉంది కాబట్టి, ఫిర్యాదు చేయడం దండగ మాత్రం కాదు.

అమెరికాకి ఈ బుద్ధి యాభై ఏళ్ళ కింద చాలా ఖరీదుకి వచ్చింది. ఫోర్డ్ పింటో అనే చిన్న కారులో పెట్రోల్ ట్యాంక్ వెనక యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్యన ఉండేది. వెనక నుంచి ఏదైనా గుద్దితే ట్యాంక్ ముందుకు నలిగి అక్కడి బోల్టులు దాంట్లోకి దిగేవి, మూత గొట్టం ఊడొచ్చేది, పెట్రోల్ బయటికొచ్చి అంటుకునేది. మనుషులు కాలిపోయారు. 1978 జూన్‌లో 15 లక్షల కార్లని వెనక్కి పిలిచారు. వాళ్ళు చేసిన మరమ్మతు ఏంటో తెలుసా? ట్యాంక్‌కి ఒక ప్లాస్టిక్ కవచం, కొంచెం పొడుగు గొట్టం. అంతే. ఆ వాక్యం చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు అక్కడ పద్ధతి మారింది. రీకాల్ ఉత్తరం కారు కొన్నవాళ్ళకి కాదు, ఈ రోజు రాష్ట్ర రికార్డుల్లో ఎవరి పేరు మీద కారు ఉందో వాళ్ళకి పంపాలి, కంపెనీ ఆ రికార్డులు తీసుకుని మరీ పంపాలి. జర్మనీలో కూడా రిజిస్ట్రేషన్ చిరునామాలే వాడతారు. మన దగ్గర లేనిది సరిగ్గా ఈ ఒక్క లింకే అని నా అనుభవం. ఆర్సీ నా పేరు మీదకి మారిందని ప్రభుత్వానికి తెలుసు. ఫీజు కట్టించుకున్నారు, ఆధార్ అడిగారు, ఫోన్ నంబర్‌కి ఓటీపీ పంపారు. ఇన్సూరెన్స్ ఉందా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా అని చూశారు. ఈ బండికి సేఫ్టీ రీకాల్ పెండింగ్ ఉందా అని ఎక్కడా ఎవరూ చూడలేదు. ఒక్క లైన్, బదిలీ చేసేటప్పుడు స్క్రీన్ మీద ఒక్క ఎర్ర లైన్ ఉండి ఉంటే మేం ఆ రోజు లారీ ముందు ఇంజిన్ లేకుండా దొర్లేవాళ్ళం కాదు. కోపంగా రాస్తున్నానని అనుకున్నా పర్లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఒక మాట. పోయినేడాది చదువుకి వెళ్ళిన మా పిన్ని కొడుకు వెళ్ళిన నెలకే పాత కారు చూశాడు, అందరూ చూసేవే, టొయోటా హోండాలు. అక్కడ కొత్త కారుకి రీకాల్ పెండింగ్ ఉంటే డీలర్ అమ్మకూడదు. పాత కారుకి దేశం మొత్తానికీ వర్తించే అలాంటి నిషేధం లేదు, పెండింగ్ ఉన్నా అమ్మేయొచ్చు. అందుకని డబ్బులిచ్చే ముందు కారుకుండే పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబర్ ప్రభుత్వ సైట్‌లో, అంటే అక్కడ రోడ్డు భద్రత చూసే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాళ్ళ దాంట్లో, కొట్టి చూడాలి. పని ఉచితం, పదిహేనేళ్ళ లోపు బళ్ళకి ఉచితంగా చేయాల్సిందే. వాడు మొదట చూసిన కారుకి రెండు పెండింగ్‌లో ఉన్నాయి. అవి చేయించి ఇస్తేనే తీసుకుంటానన్నాడు, చేయించి ఇచ్చారు.

ఇక్కడ కూడా నంబర్ అలాంటిదే, పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిపి. ఆర్సీ మీద ఉంటుంది, బండి మీద కూడా చెక్కి ఉంటుంది. మారుతివి అయితే ఎంఏ3 తో మొదలవుతాయి. ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు, కాబట్టి గుండ్రంగా కనిపిస్తే అది సున్నానే. నేను మొదటిసారి అక్షరం అనుకుని కొట్టి, ఆ నంబర్ లేదని వస్తే అమ్మయ్య మనది లేదులే అనుకోబోయాను, మా ఆయన పట్టుకున్నారు. కంపెనీ సైట్‌లో రీకాల్ అనో సర్వీస్ క్యాంపెయిన్ అనో రాసి ఉన్న చోట కొట్టాలి. ఈ రెండో పేరు చూసి ఏదో ఆఫర్ అనుకుని వదిలేస్తారు చాలామంది. సైట్ అర్థం కాకపోతే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి నంబర్ చెప్పి "ఏమైనా క్యాంపెయిన్ పెండింగ్ ఉందా" అని అడిగితే వాళ్ళ సిస్టమ్‌లో చూసి చెప్తారు. పనిలో పనిగా మీ ఫోన్ నంబర్ ఆ బండికి ఎక్కించమనండి, పాత ఓనర్ నంబరే ఉండిపోయి ఉంటుంది.

మాకు పంపు మార్చింది మూడు గంటల్లోపే. వెనక సీటు పైకి లేపారు, కింద గుండ్రటి మూత, దాని కింద పంపు. పాతది ఒక్కసారి చూపించమని అడిగాను. అరచేతిలో పట్టేంత ఉంది. పెట్రోల్ వాసన, నల్లటి ప్లాస్టిక్, పైన వైర్ల ప్లగ్. లోపలి చక్రం బయటికి కనపడదు. పాప కూడా చూసింది, "దీని వల్లేనా బండి పడుకుంది" అంది. అవునన్నాను. రూపాయి తీసుకోలేదు. సూర్యాపేట దాకా లాగించిన ఖర్చు మాత్రం మాదే.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి ఆర్సీ ఫోటో పంపమన్నాను. నాన్నది కూడా రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే, వేరే కంపెనీ కారు. "బాగానే నడుస్తోంది కదమ్మా, ఎందుకు ఇప్పుడు" అన్నారు. మాదీ ఆ రోజు టోల్ దాకా బాగానే నడిచింది నాన్నా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. పది నిమిషాలకి ఫోటో వచ్చింది, కొంచెం మసగ్గా. నంబర్ రెండుసార్లు సరిచూసి కొట్టాను. ఉంది, ఆయన బండికీ పెండింగ్ ఉంది. బుధవారం పొద్దున పది గంటలకి ఖమ్మంలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అప్పటిదాకా విజయవాడ వైపు కారు తియ్యొద్దని చెప్పాను. బస్సులో వెళ్తాలే అన్నారు.